వెనక్కి దారి లేని సైన్యం

గుణదలలో మేం అద్దెకున్న ఇంటి యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆయనా నేనూ కింది వరండాలో యుద్ధం ఆట ఆడేవాళ్ళం. అట్ట మీద దేశపటం, రంగు బిళ్ళలే సైన్యాలు, పాచికలతో పోరు.

ఓడిన సైన్యం ఒక గడి వెనక్కి తగ్గాలన్నది రూలు. ఆ ఆదివారం మాస్టారి పెద్ద సైన్యం ఓడింది. వెనక గడిలో నా సైన్యం ఉంది. తగ్గడానికి చోటు లేదు గనక మొత్తం పోయినట్టేనన్నాను. రూల్సు పుస్తకంలో ఆ సంగతే లేదు.

"పుస్తకంలో లేని చావు నువ్వెట్టా రాస్తావమ్మాయ్?" అన్నారాయన.

ఆయన మాట పూర్తికాకముందే ఆ సైన్యంలోని ఎనిమిది బిళ్ళలూ తీసేశాను. ఆట నేనే గెలిచాను. ఆయన అట్ట మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రే ఆట తయారు చేసినవాళ్ళకు ఆ సంగతి అడుగుతూ మెయిల్ పెట్టాను. మర్నాటి నుంచి గవర్నర్‌పేటలో మా ఆఫీసులో కూర్చున్నా చెయ్యి ఫోన్ మీదికే పోయేది. ఒక కాగితం మూడుసార్లు తప్పు టైపు చేశాను. మెట్ల దగ్గర మాస్టారు ఎదురైతే మంచినీళ్ళు వచ్చాయా అని అడిగారు, అంతే. ఆట ఊసెత్తలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

గురువారం జవాబొచ్చింది. దారి లేకపోతే సైన్యం ఉన్నచోటే నిలుస్తుందట. అంటే ఆయన చెప్పిందే రైటు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. రెండు రోజులు అలాగే గడిపాను గానీ అన్నం సరిగ్గా సయించలేదు.

శనివారం పొద్దున్నే కిందికి దిగి ఫోన్ చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఓడిపోయినందుకు కాదమ్మాయ్. నేను చెప్తానే ఉన్నాను, నువ్వు బిళ్ళలు తీసేశావ్. అదే కష్టమనిపించింది."

"తప్పయిందండీ," అన్నాను.

ఆయన తలూపి, పెన్సిలుతో ఆ రూలును పుస్తకం అంచున తెలుగులో రాసుకున్నారు. తర్వాత పేజీలు తిప్పుతూ, రెండు వైపుల నుంచీ ఒకేసారి దాడి జరిగితే ముందు ఎవరు పాచిక వెయ్యాలని అడిగారు. నాకు తెలియలేదు. పుస్తకంలోనూ దొరకలేదు. ఆ మధ్యాహ్నమే ఇంకో మెయిల్ పెట్టాం, ఈసారి ఇద్దరం కలిసి.