తవిటినాయుడి తుపాకీ పరిశీలనలో ఉంది

వీరన్నవలసలో తవిటినాయుడు రోజూ ఐదున్నరకు లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకోకముందే, తన తుపాకీ ఇంకా ఢిల్లీలో పరిశీలనలోనే ఉందని ఎవరో ఒకరికి చెప్పేవాడు. మనిషి దొరకని రోజు ఎడ్లకు చెప్పేవాడు. ఇరవై మూడేళ్లుగా ఆయనకున్న చాదస్తం ఇదొక్కటే. భార్య దేముడమ్మ మాత్రం ఇంకోటి ఉంటే తను బతికేదాన్ని కాదనేది.

తుపాకీ చరిత్ర చిన్నదే. యుద్ధకాలంలో ఆయన పటాలంలో తుపాకులు బాగుచేసేవాడు. సిపాయిలు గురి సాధన చేశాక నేలమీద పడ్డ ఖాళీ తూటాలన్నీ ఏరి అప్పజెప్పడం కూడా ఆయన పనే. వంగి వంగి నడుం పట్టేసింది. దాంతో, పేలిన తూటా కింద పడకుండా తుపాకీకే వేలాడే గుడ్డసంచీలో పడే ఏర్పాటు కనిపెట్టాడు. 1946లో దొరల ముందు పరీక్ష జరిగింది. తుపాకీ పేలింది. గుండు గురికి తగిలింది. సంచీ అంటుకుంది.

"ఆళ్లు ఒద్దన్నది సంచీని. తుపాకీని ఒద్దన్నారేటి?" అనేవాడు తవిటినాయుడు.

ఊరికి వచ్చాక తోలుసంచీ, గోనెసంచీ, తడిపిన గోనెసంచీ అంటూ ఢిల్లీకి ఉత్తరాలు రాశాడు. తర్వాత తప్పు సంచీది కాదు, తుపాకీని భుజానికి ఆన్చే చెక్క మడమదేనని తేల్చాడు. ఏటా ఒక కొత్త మడమ చేయించడం మొదలుపెట్టాడు. చేసేవాడు పక్కవీధి కూర్మయ్య. ఒకప్పుడు బొబ్బిలిలో వీణలు చెక్కినవాడు. పనసదుంగను మడమగా చెక్కి ఇస్తే, గాదెలోంచి రెండు బస్తాల ధాన్యం వెళ్లిపోయేది.

పాత మడమలు దేముడమ్మ పాలయ్యేవి. ఒకటి ఆనపపాదుకు ఊతం. ఒకటి పెరటి తలుపుకు అడ్డం. మూడోదానితో బట్టలు బాదేది.

"దేశాన్ని కాసీది ఎలాగున్నా, నీ సీర మురికి వదిలిస్తన్నాది గదే," అనేవాడు మొగుడు.

1969లో జిల్లా కొండల్లో నిజం తుపాకులు మోగాయి. పోలీసులు ఊరూరా సోదాలు చేస్తూ కూర్మయ్య పాకలోకి వచ్చారు. సగం చెక్కిన ఎనిమిదో మడమ కనపడింది. మడమతోపాటు కూర్మయ్యను కూడా ఠాణాకు పట్టుకెళ్లారు.

కబురందిన వెంటనే తవిటినాయుడు చొక్కా వేసుకుని బయల్దేరాడు. మొగుడు నోరు తెరిస్తే 1946 నుంచి మొదలెడతాడని తెలుసు గనక దేముడమ్మ కూడా వెంట నడిచింది.

ఎస్సై నారాయణమూర్తి కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. అప్పటికే ఆయనకు తలనొప్పి పట్టుకుంది.

"ఇది ఆటబొమ్మ అని చెప్పవయ్యా, వదిలేస్తాను," అంటున్నాడు.

"బొమ్మేటి బాబూ!" కూర్మయ్యకు రోషం వచ్చింది. "మిలిట్రీ తుపాకీ! ఢిల్లీ ఓళ్లు దీనికోసమే సూస్తన్నారు."

"ఇలా రాసుకుంటే నిన్ను జిల్లా జైలుకు పంపాలి, తెలుసా?"

"పంపండి. అబద్ధం సెప్పను."

ఎస్సై తవిటినాయుడి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. ఇది తుపాకీ కాదు, ఉత్త చెక్క అని. ఒక్క ముక్క."

తవిటినాయుడు కూర్మయ్య మొహం చూశాడు. నోరు విప్పలేదు. ఆయన నోరు విప్పకపోవడం దేముడమ్మ కాపురానికి వచ్చాక అదే మొదలు.

"సెప్పీ మావా! ఆడ్ని జైల్లో ఎట్టీస్తారు!" ఆమె మోచేత్తో పొడిచింది.

"బాబూ," అన్నాడాయన చివరికి. "కూర్మయ్యకి బయట టీ తాగించండి. అప్పుడు సెప్తాను."

కానిస్టేబుల్ కూర్మయ్యను తీసుకెళ్లాడు. తవిటినాయుడు జేబులోంచి మడతలు పడ్డ ఢిల్లీ కాగితం తీసి ఇచ్చాడు. ఎస్సై పైకి చదివాడు. "ఈ తుపాకీ పనికిరాదు. ఇకమీదట ఉత్తరాలు రాయవద్దు. పంతొమ్మిది వందల అరవై ఒకటి."

"పరిశీలన అయిపోయి ఎనిమిదేళ్లయింది కదండీ! మరి ఈ మడమలెందుకు?"

"ఆ ఏడే ఆడికి పచ్చవాతం వచ్చింది బాబూ. కుడిసెయ్యి వణుకుతాది. వీణ పని ఎవులూ ఇవ్వరు. వీణలో తప్పుంటే ఇన్నోడికల్లా తెలిసిపోతాది. నా తుపాకీలో తప్పుంటే పేల్చి సూసీవోడెవడు?"

"ధాన్యం ఊరికే ఇవ్వొచ్చుగా?"

"ఊరికే ఇస్తే పుచ్చుకోడు బాబూ. పెద్ద పొగరుమోతు."

దేముడమ్మకు కోపం వచ్చింది. "ఎనిమిదేళ్లు నాకు సెప్పకుండా దాసినావా?"

"నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే గదే."

ఎస్సై కాగితం మడిచి తిరిగి ఇచ్చేసి కూర్మయ్యను లోపలికి పిలిచాడు. మడమను చేతిలోకి తీసుకుని, భుజానికి ఆన్చి, ఒక కన్ను మూసి గోడ గడియారానికి గురి పెట్టాడు. కానిస్టేబుల్ పక్కకు తప్పుకున్నాడు.

"పనితనం బాగుంది. కానీ పొడుగెక్కువ," అన్నాడు ఎస్సై గంభీరంగా. "సిపాయికి భుజం నొప్పి పుడుతుంది. రెండంగుళాలు తగ్గించి ఢిల్లీకి పంపండి. ఇక వెళ్లండి."

దారి పొడుగునా కూర్మయ్య ఆగలేదు. "సూసినావా బావా? రెండంగుళాలని నాను మొన్ననే సెప్పినాను. ఇన్నావేటి?"

"ఇన్లేదురా. తప్పు నాదే," అన్నాడు తవిటినాయుడు.

మర్నాడు తెల్లారగానే కూర్మయ్య మడమ మీద రెండంగుళాలకు సుద్దగీత గీసి, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, రంపం పెట్టి కోశాడు.

రెండుంబావు తెగింది.