వదిన దిగని సైకిల్

మొన్న ఆదివారం పొద్దున మా వదిన పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఎవరో "పాపం, చాలా నెమ్మదస్తురాలు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె ఆడబిడ్డను నేను. వదినను ఆ మాటతో సాగనంపనివ్వను.

డెబ్బైల చివర్లో కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి మా ఇంటికి కోడలిగా వస్తూ ఆమె తన లేడీస్ సైకిల్ వెంట తెచ్చుకుంది. మాది హనుమకొండ బజారులో బట్టల దుకాణం. ఆదివారం తెల్లారగానే కాజీపేట దాకా తొక్కి వస్తానంది.

"ఆడ ఏం పనున్నదే?" అని అమ్మ అడిగింది.

"పనేం లేదత్తమ్మా. తొక్కుతుంటే మంచిగుంటది, గంతే."

అమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఎదురుగా పెద్దమనిషి ఎవరొచ్చినా దిగాలి, ఆయన దాటిపోయాకే ఎక్కాలి. బజారు నిండా మాకు పెద్దమనుషులే! ఆమె తిరిగొచ్చేసరికి ఎండ ముదిరేది.

నాన్న తమ్ముడు, మా చిన్నాయన, దుకాణం అరుగు మీద కూర్చుని నవ్వేవాడు. ఒక ఆదివారం "నడిచినా గింతసేపే పడ్తది. వచ్చే ఐతారం గూడ గిట్లనే ఆలస్యమైతే సైకిల్ అమ్ముడే" అన్నాడు. ఊరికే అనలేదు, కొనేవాణ్ని కూడా చూసిపెట్టాడు.

వదినకు ఫికర్ పట్టుకుంది. వారమంతా సైకిల్ చుట్టూ తిరిగింది. టైర్లు గట్టిపడేదాకా గాలి కొట్టించింది, చైనుకు నూనె పెట్టింది, కాలు బాగా సాగేలా సీటు ఎత్తించింది. ఎదురుగాలి, వంతెన దగ్గరి ఎత్తు చడావు తన చేతుల్లో లేవని వదిలేసింది.

"ఇగ ఒక్కటే మిగిలింది" అంది నాతో.

"ఏంది వదినా?"

"దిగుడు."

ఆ ఆదివారం చిన్నాయన అరుగు దిగి రోడ్డు పక్కనే నిలబడ్డాడు. వదిన బెల్లు కొట్టి, "నమస్తే చిన్నమామా!" అని సీటు మీది నుంచే పలకరించి సాగిపోయింది. తిరిగొచ్చేసరికి మేమింకా నాష్టా కూడా చేయలేదు.

ఆ వెనకే చిన్నాయన వచ్చి కేకలేశాడు. "పెద్దా చిన్నా లేదా?"

వదిన చెమట తుడుచుకుంటూ, "నమస్తే పెట్టిన గద మామా. ఆలస్యం జేయొద్దని మీరే అన్నరు. సైకిల్ల ఏం తప్పు లేదు, దిగుట్లనే ఉన్నది" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. సైకిల్ అమ్మలేదు, ఆ షరతు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సైకిల్ మీదే వదిన నాకు తొక్కడం నేర్పింది. "చక్రం దిక్కు సూడకు, దూరం సూడు. జర భయమైతే ఇంకింత తొక్కు" అనేది. ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఆమె రుణం తీరేది కాదు.

అంతిమయాత్రలో పాడె వెనకాల ఆమె సైకిల్ మీదే బయలుదేరాను. నడిచేవాళ్ల వెనక అంత మెల్లగా, పడకుండా తొక్కడం చాలా కష్టం. మా దుకాణం ముందుకు రాగానే చిన్నాయన కొడుకు హ్యాండిల్ మీద చెయ్యేశాడు.

"దిగక్కా, అందరు సూస్తాన్రు."

బెల్లు కొట్టాను. వాడు చెయ్యి తీశాడు.