పేరు లేని ఫొటో

అమెరికాలోని అలబామాలో నల్లజాతివారి కోసం నూట నలభై ఏళ్ల కిందట పెట్టిన కాలేజీలో పద్మనాభంగారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పారు. రోజూ క్లాసుకు ముందు కారిడార్‌లో ఆగి, పూర్వ విద్యార్థుల ఫొటోల అద్దాలు రుమాలుతో తుడిచేవారు. కొత్తగా చేరినవాళ్లకు చూపించేవారు: ఈయన జడ్జి, ఈయన, నల్లవాళ్లను తెల్లవాళ్ల ఆసుపత్రి గడప తొక్కనివ్వని రోజుల్లోనే సర్జన్.

ఈ మే నెలలో కాలేజీ మూతపడింది. ఫొటోలు దించిస్తున్న లైబ్రేరియన్ నమ్రత, నర్సు టోపీ పెట్టుకున్న ఒకామె ఫొటో ఆయనకు చూపించింది. "అంకుల్, ఈమె పేరు రికార్డ్స్‌లో లేదు. పేరుంటేనే మ్యూజియంవాళ్లు తీసుకుంటారట, లేకపోతే పారేయడమే. మీకేమైనా తెలుసా?"

ముప్పై ఏళ్లు తుడిచిన ముఖం. ఎవరని ఎన్నడూ అడగలేదు. నోటికొచ్చిన పేరేదో చెప్పేద్దామనిపించింది ఆయనకు. "తెలియదమ్మా" అన్నారు చివరికి. "ఇలాంటివి ఇంకెన్ని?"

"అరవై రెండు, అంకుల్. దాదాపు అందరూ ఆడవాళ్లే."