యాభై నాలుగు మెట్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అమ్మి చూడు అనడం ఎందుకు మరిచారో రంగుల మేస్త్రికి అర్థమయ్యేది కాదు. ముప్పయ్యేళ్ళుగా ఇతరుల ఇళ్ళను అమ్ముడుపోయేలా తయారుచేసిన చెయ్యి ఆయనది. చెమ్మ గోడకు లప్పం పెట్టి, ఇరుకు గదికి లేత రంగు వేసి, చీకటి వంటగదిలో పెద్ద బల్బు బిగించి, పైన పటారం లోన లొటారం ఇళ్ళను కూడా పెళ్ళికూతుళ్ళలా నిలబెట్టాడు. అలాంటి చేతికి సొంత ఇల్లే లొంగలేదు. నాలుగు నెలల్లో ఐదుగురు వచ్చారు. ఐదుగురూ మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెబుతామని వెళ్ళిపోయారు.

లోపం గోడల్లో లేదు. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, మెట్లు యాభై నాలుగు. రెండేళ్ళ కిందట మేస్త్రి భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు సరిగా స్వాధీనంలోకి రాలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు నలుగురు మనుషులు ఆమెను కుర్చీలో పైకి మోసుకొచ్చారు. మెట్లన్నీ అయ్యేదాకా ఆమె కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా ఆ కుర్చీ ఎక్కలేదు.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ ఒకటుంది కదండీ. ఇప్పట్నుంచే అలవాటెందుకు?" అనేది నవ్వుతూ.

ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రి మొహం తిప్పుకునేవాడు. ఒకప్పుడు ఆయన వెంట ఊరంతా తిరిగి రంగులు కలిపిన మనిషి ఆమె. ఏ తెలుపులో ఎంత నీలం పడాలో ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. ఇప్పుడు కిటికీలోంచి పక్క మేడ మీది ట్యాంకు తప్ప ఏమీ చూడకుండా రెండేళ్ళు గడిపింది.

వెనక సందులో ఒక చిన్న ఇల్లు దొరికింది. రెండే గదులు, గడప దాటితే నేల. ఇది అమ్మితేనే అది కొనగలడు. ఆ ఇంటాయన మంచివాడే కానీ ఎన్నాళ్ళని ఆగుతాడు? "ఆదివారం దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తాను మేస్త్రీ, ఏమనుకోకు," అన్నాడు.

ఐదో పార్టీ కూడా పోయాక బ్రోకరు లోగొంతుకతో అసలు సంగతి చెప్పాడు. "గోడ కూలిపోయినా అమ్మిపెడతాను. కానీ వచ్చినవాళ్ళు అమ్మగారిని చూస్తున్నారు. వెంటనే మెట్ల వైపు చూస్తున్నారు. ఈసారి ఆవిణ్ణి ఇదే అంతస్తులో ఎదురింట్లో కూర్చోబెట్టండి."

మేస్త్రికి ఒళ్ళు మండింది. భార్యను దింపడానికి భార్యనే దాచాలా? కానీ అడకత్తెరలో పోకచెక్క అయినవాడికి రోషం ఎక్కడిది? ఆమెతో చెప్పలేక చెప్పాడు. "ఎదురింటి టీచరమ్మ దగ్గర టీవీ పెద్దది, కాలక్షేపం అవుతుందిలెండి," అంది.

ఇంకొకటి మిగిలింది. మంచం నుంచి వీధి తలుపు దాకా గోడ మీద నడుమెత్తున ఒక నల్లటి చార. రెండేళ్ళుగా ఆమె అరచెయ్యి ఆనించి నడిచిన దారి అది. మేస్త్రి రెండుసార్లు సున్నం వేశాడు. రెండుసార్లూ జిడ్డు మళ్ళీ పైకి తేలింది. చివరికి శుక్రవారం పొద్దున ఆయిల్ పెయింటు పూశాడు. పార్టీ వచ్చేది శనివారం, రాత్రికల్లా ఆరిపోతుందని ధీమా.

బ్రష్ ఇంకా కడగనే లేదు, ఫోను మోగింది. "మేస్త్రీ, వాళ్ళు ఇప్పుడే వచ్చారు. కిందే ఉన్నాం!"

కొంప మునిగింది. మేస్త్రి మాసిన దుప్పటి మార్చాడు, మందుల డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక దోపాడు, చేతికర్రను మంచం కిందకు తన్నాడు. టీచరమ్మ వచ్చి ఆయన భార్యను మెల్లగా నడిపించుకుపోయింది. ఆయన ఊపిరి పీల్చుకుని తలుపు వైపు తిరిగాడు. తడి గోడ మీద వరసగా ఐదు అరచేతులు. అలవాటు కొద్దీ ఆనించింది మహాతల్లి.

బాగుచేసే వ్యవధి లేదు. మేస్త్రి వెళ్ళి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. అంత మనిషి ఎంత గోడను కప్పుతాడు!

ముందు బ్రోకరు, వెనక నిండుగా నవ్వే కుర్రాడు వచ్చారు. కుర్రాడికి ఇల్లు చూడగానే నచ్చేసింది. వెలుతురు బాగుందన్నాడు, కుళాయి తిప్పి చూసి ధార బాగుందన్నాడు. "మా అమ్మ కోసమే అంకుల్. ఒక్కతే ఉంటుంది. నేను వారానికోసారి వచ్చి చూసుకుంటాను."

ఆ అమ్మ అప్పుడు వచ్చింది. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్ళూ ఆనించి ఎక్కినట్టుంది, చెమటలు కారుతున్నాయి. మోకాళ్ళు పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. మేస్త్రి మంచినీళ్ళకు పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి ఆవిడ గోడ వైపు చూస్తోంది.

"ఈ చేతులెవరివి నాయనా?"

మేస్త్రి నీళ్ళ గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. బ్రోకరు అందుకున్నాడు. "పనివాళ్ళవమ్మా, తడి చూసుకోకుండా..."

"నావే వదినా," అని ఎదురింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది. టీచరమ్మ భుజం పట్టుకుని భార్య నిలబడి ఉంది. అరచేతి నిండా తెల్లరంగు.

"కింద నేల తొక్కి రెండేళ్ళయింది. మోకాళ్ళు అప్పటికే నొప్పులు. తర్వాత కాలు పడిపోయింది. మీకూ నొప్పులున్నట్టున్నాయి. ఎక్కడం ఎలాగోలా ఎక్కేస్తాం వదినా. దిగడమే."

కుర్రాడు తల్లి మోకాళ్ళను చూశాడు. నవ్వు పోయింది. "మళ్ళీ చెబుతాం అంకుల్," అన్నాడు. బ్రోకరు అదీ అనకుండానే దిగిపోయాడు.

భార్యను లోపలికి తెచ్చి తలుపు వేశాక మేస్త్రికి కోపం కట్టలు తెంచుకుంది. బ్రష్ నేలకేసి కొట్టాడు. "ఎల్లుండితో గడువైపోతుందే! నీకోసం కాదటే నేను చచ్చేది? నోటికాడికొచ్చింది పాడుచేశావు!" అంటూనే ఏడ్చేశాడు. పెళ్ళయ్యాక ఆమె ముందు ఆయన ఏడవడం అదే మొదలు.

ఆమె మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "నన్ను దింపడానికి ఆవిణ్ణి ఎక్కిస్తారాండీ?"

ఆయన వంగి బ్రష్ తీశాడు. ముప్పయ్యేళ్ళలో తను ముస్తాబు చేసి అమ్మించిన ఇళ్ళల్లో తర్వాత ఎవరున్నారో, ఎలా ఉన్నారో ఒక్కసారీ తలుచుకున్న పాపాన పోలేదు.

"దిగిందేమో చూడండి," అంది ఆమె.

మేస్త్రి కిటికీలోంచి వంగి చూశాడు. చాలాసేపటికి ఆ పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకు వచ్చింది. నిలబడి, ఒకసారి తలెత్తి పైకి చూసింది.

"దిగింది," అన్నాడు.

"హమ్మయ్య." ఆమె అలవాటుగా గోడ వైపు చెయ్యి చాపి, గుర్తొచ్చి ఆగింది. "బాత్రూముకు పోవాలి. గోడ ఇంకా తడిగా ఉందిగా."

ఆయన కళ్ళు తుడుచుకుని వచ్చి భుజం ఇచ్చాడు. చొక్కా మీద ఆమె చెయ్యి తెల్లగా అంటుకుంది.