మెయిన్‌ల్యాండ్ లేబుల్

ఇవాళ పొద్దున్న మా మరిది ఒక కొబ్బరినూనె సీసా తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళాడు. సీసా మీద కొబ్బరిచెట్టు, సముద్రం, ఓ చిలక. కింద బంగారు రంగులో 'అచ్చమైన అండమాన్ నూనె' అని రాసుంది. "కొత్త బ్రాండ్ వదినా, టూరిస్టులు ఎగబడి కొంటున్నారు" అన్నాడు. కొననీ. నేను మూత తీసి వాసన చూసి, కిర్రుమంటున్న తలుపు బందుకి రెండు చుక్కలు పోశాను. అంతకంటే మర్యాద చేయడం నావల్ల కాలేదు.

మా మరిది మార్కెటింగ్ మనిషి. ఆ మాట నాది కాదు, అతని కార్డు మీద ఉంది. అంతకుముందు సిమెంటు కాంట్రాక్టు, దానికి ముందు సెల్‌ఫోన్ల కొట్టు. రెండూ మునిగాక పోర్ట్ బ్లెయిర్‌లో మెట్ల కింద గది తీసుకుని, గిర్రున తిరిగే కుర్చీ ఒకటి కొని, పక్కవాళ్ళ సరుకు ఎలా అమ్మాలో చెప్పడం మొదలుపెట్టాడు. తన సరుకే అమ్ముకోలేకపోయిన మహానుభావుడి దగ్గరికి సలహాకి వెళ్ళిన జనాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. నాలుగైదేళ్ళ కిందట మా అన్నయ్య కూతురు కూడా వెళ్ళింది, పాపం. మా పుట్టినూరు రంగత్‌లో పదకొండో తరగతి. మార్కెటింగ్ సబ్జెక్టు తీసుకున్న పిల్లలు సెలవుల్లో ఎక్కడైనా పని నేర్చుకురావాలట. నా దగ్గరుంటూ రోజూ ఇతగాడి గదికి వెళ్ళేది. మొదటివారం నేర్చుకున్న విద్య, ఆ కుర్చీ తుడవడం, చాయ్ తేవడం.

పిల్ల మాత్రం ఊరికే రాలేదు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, కొబ్బరిపాలు కాచి తీసిన నూనె అట్టపెట్టె నిండా సీసాల్లో పోసి తెచ్చింది. ఆ పెట్టె విప్పితే మా ఇల్లంతా కమ్మటి వాసన. ఏదైనా హోటలు వాళ్ళు నెలనెలా తీసుకుంటామంటే చాలు, పెరట్లో గానుగ మిషను పెట్టిద్దామని వదిన చోటు కూడా చదును చేయించింది. లేదంటే ఎప్పట్లాగే కాయంతా ఎండబెట్టి, దళారీ ఎంతంటే అంతకి ఇచ్చేయడమే.

ఇక్కడ మా దీవుల జబ్బు ఒకటి చెప్పాలి. ఉల్లిపాయ కొన్నా, చీర కొన్నా, ఆఖరికి పెళ్ళికొడుకుని చూసినా మావాళ్ళు మొదట అడిగేది "మెయిన్‌ల్యాండ్ దేనా?" అని, అంటే సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చిందా అని. ఓడ దిగిందంటే మంచిది, పెరట్లో పండిందంటే నాసిరకం. ఇక్కడే పుట్టిన మా మరిదికి ఆ జబ్బు నరనరానా ఉంది. టూరిస్టుల మేళాలో స్టాలు తీసుకుని, వదిన రాసి అంటించిన కాగితాలన్నీ పీకించి, 'మెయిన్‌ల్యాండ్ క్వాలిటీ, వైజాగ్ నూనె' అని మెరిసే లేబుళ్ళు వేయించాడు. "చిన్న మావయ్యా, ఇది అమ్మ తీసిన నూనె కదా" అందట పిల్ల. "అరే బేటీ, ఇక్కడి మాల్ అంటే ఎవడు కొంటాడు? దీన్నే మార్కెటింగ్ అంటారు" అన్నాడట.

ఆవేళ నేను అన్నం కారియర్ పట్టుకెళ్ళేసరికి ఒక పెద్ద హోటలు మేనేజరు స్టాలు ముందు నిలబడి ఉన్నాడు. సీసా మూత తీసి వాసన చూశాడు, అరచేతిలో వేసుకున్నాడు, మొహం వెలిగింది. తర్వాత లేబులు చదివాడు.

"మాదీ వైజాగేనండీ. అక్కడి నూనె మా గెస్టులకి ఇక్కడెందుకు? ఇక్కడిదేమన్నా ఉంటే చెప్పండి."

ఒక్క ముక్క చెప్తే చాలు. మా మరిది నవ్వాడు. "ఇక్కడేం దొరుకుతుంది సార్? అడవి తప్ప!"

"సార్, ఇది మా రంగత్ నూనే. మా అమ్మ తీసింది" అంది పిల్ల.

అప్పుడైనా ఒప్పుకోవచ్చా? ఛీ! "బచ్చీ సార్, ట్రైనింగ్‌కి వచ్చింది, తెలీక వాగుతోంది" అన్నాడు. ఆ మేనేజరు లేబులు వైపోసారి, పిల్ల వైపోసారి చూసి, సీసా జాగ్రత్తగా మూతపెట్టి కింద ఉంచాడు. నేను "భాయ్‌సాబ్, ఆగండి, పిల్ల చెప్పిందే నిజం" అని వెనకాల పరిగెత్తాను. ఆయన ఆగాడు కూడా. "అమ్మా, ఒకే స్టాల్లో మీవాళ్ళే రెండు మాటలంటున్నారు. ఎవరి మాట నమ్మి కొనను?" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి మా మరిది కారియర్ విప్పి చేపముక్క నంజుకుంటున్నాడు. వీడికి పెట్టిన అన్నం బూడిదలో పోసినా బాగుండేది.

మేళా అయిపోయాక పిల్లని రంగత్ బస్సెక్కించడానికి నేనూ వెళ్ళి, మనసొప్పక ఇంటిదాకా దిగబెట్టాను. వదిన అట్టపెట్టె విప్పి, ఒక్క సీసా కూడా తగ్గలేదని చూసి, "నా నూనె బాగోలేదన్నారా?" అని అడిగింది. పిల్ల గోడవైపు తిరిగి నిలబడింది. నేను బస్సులో కూడగట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మర్నాటినుంచి వదిన ఎప్పట్లాగే కాయ ఎండబెట్టింది.

ఇవాళ మా మరిది వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, గొప్పగా ఇంకోమాట చెప్పాడు. నూనె టిన్నులు ఓడలో మెయిన్‌ల్యాండ్ నుంచి వస్తాయట, ఇక్కడ ఇతగాడు లేబులేస్తాడట. రంగత్ ఎండుకొబ్బరి ఓడెక్కి పోయేదీ అక్కడికే. రంగత్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, నీ నూనె చాలా బాగుండేది వదినా అని చెప్పొచ్చు. కానీ ఇన్నేళ్ళయింది, ఆవిడ గానుగ కోసం చదును చేయించిన చోట ఇప్పుడు అన్నయ్య స్కూటరు పెట్టుకుంటున్నాడు.