ఇంటికొచ్చేటప్పుడు ఎర్రది ఎడమకు

మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కడపలో ఏడో తరగతి పిల్లలకు పటంలో ఓడరేవులు చూపిస్తున్నాను. సెల్‌ఫోనులో మా ఆయన "నాయన నిద్రలోనే పోయినాడు" అన్నాడు. నా వేలు అప్పటికి విశాఖపట్నం దగ్గరుంది. కథ కోసం కల్పించి చెప్పడం లేదు, అలాగే జరిగింది.

మా మామ ఆ రేవులో పదిహేనేళ్లకు పైగా కళాసీగా పనిచేశాడు. కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ఆయన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయాక బతుకుదెరువుకు అంత దూరం పోయాడు. ఓడలు లోపలికొచ్చే దారికి అటూ ఇటూ సముద్రంలో పెద్ద పెద్ద ఇనప పీపాలు తేలుతుంటాయట. అడుగున గొలుసు, గొలుసు చివర బరువు. వాటికి పట్టిన నాచు గీకి రంగు వేయడం ఆయన పని. ఎంతటి ఓడైనా పీపా మాట వినాల్సిందేనని చెప్పేటప్పుడు మీసం మీదికి చెయ్యి పోయేది.

నేను కోడలిగా వచ్చేసరికి ఆయన తిరిగొచ్చి, ఒడ్డున కట్టుకున్న కొత్త ఊళ్లో ఉంటున్నాడు. 2005లో నాకు అవతలి ఒడ్డు పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. రోడ్డున పోతే సగం రోజు, మరబోటులో ముప్పావు గంట. అయితే బోటు దారి మునిగిన ఊరి మీదుగానే పోవాలి. నీళ్లు తగ్గేకొద్దీ బురుజు, చింతతోపు మోళ్లు, రాతి గోడలు జానెడు లోతులో కనపడకుండా పొంచి ఉంటాయి. నాకేమో ఈత రాదు. మామ ఉద్యోగం వద్దనలేదు. మూడు ఖాళీ నూనె డబ్బాలు ముందేసుకుని వాకిట్లో కూర్చుని రంగు వేయడం మొదలుపెట్టాడు.

ఎర్ర డబ్బాను బురుజు పక్కన, ఆకుపచ్చ డబ్బాను చింతతోపు పక్కన కట్టాడు. ఆ రెంటి నడుమ పాత బజారే బోటు దారి. మూడోది నలుపు, నడుముకు ఎర్ర పట్టీ. దగ్గరికి రావద్దని దాని అర్థం. దాన్ని తన సొంతింటి మీదే తేల్చాడు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తున కట్టామని ఆయన తండ్రి గొప్పలు పోయిన ఇల్లు. నీళ్లొచ్చాక బోట్లకు అదే పెద్ద గండం. విరిగిన తిరగలి రాళ్లు లంగర్లయ్యాయి.

"ఇంటికొచ్చేటప్పుడు ఎర్రది ఎడమకు, ఆకుపచ్చది కుడికి. పోయేటప్పుడు తిరగబడతాది" అని నాచేత వల్లె వేయించాడు. పంతులమ్మకే పంతులయ్యాడు.

ప్రతి ఆదివారం పుట్టి పడవ వేసుకుని పోయి తాళ్లు చూసుకునేవాడు. నీళ్లు దిగితే తాడు వదులై డబ్బా పక్కకు జరుగుతుంది. "తాడు వదులైతే గుర్తు అబద్ధమాడతాదమ్మా" అనేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. తెడ్డు ఆపి కిందికి చూపించాడు. ఇక్కడ మిఠాయి అంగడి, ఇక్కడ మగ్గాల ఇల్లు, ఇదుగో ఇక్కడే మీ అత్తను మొదట చూసింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించాడు, కింద ఎవరో నిద్రపోతున్నట్టు. ఇలాంటివి నమ్మే మనిషిని కాను. అయినా ఒడ్డు చేరేదాకా నేనూ గుసగుసగానే మాట్లాడాను.

డబ్బాలు నెల తిరక్కుండానే మాయమయ్యాయి. నీళ్లు మోసుకోవడానికి డబ్బా దొరికితే మా వైపు వదులుతారా? మళ్లీ కట్టాడు, మళ్లీ పోయాయి. మూడోసారి మామ ఒక ఉపాయం పన్నాడు. డబ్బాలకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. ఇక ఒక్కరూ ముట్టుకోలేదు. నెల రోజులు మురిసిపోయాడు.

ఒక శుక్రవారం నేను బడి నుంచి వస్తున్నాను. అయిదో నెల కడుపుతో ఉన్నాను. బోటులోని ఆడవాళ్లు నల్ల డబ్బా సామికి టెంకాయ కొట్టాలన్నారు. బోటతను కొత్తవాడు, దాని వైపు తిప్పాడు. ఆ గుర్తుకు అర్థం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. సామికాడ వద్దంటే ఏమనుకుంటారోనని, కడుపులో బిడ్డకు కూడా మంచిదేమోనని నోరు మూసుకున్నాను. మామ ఇంటి గోడ బోటు అడుగును చీల్చింది. చీలమండల దాకా నీళ్లొచ్చాయి. టిఫిను గిన్నెలతో తోడుకుంటూ ముప్పై మందిమీ ఎలాగో ప్రాణాలతో ఒడ్డున పడ్డాం. ఆ ముప్పై మంది ప్రాణాలు ఇప్పటికీ నా గుండెల మీద బరువుగానే ఉన్నాయి.

మామకు అంతా చెప్పి ఏడ్చాను.

"తప్పు నాదమ్మా. రావద్దని రాసిన చోట రమ్మని పసుపు పూసినా" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వూ ఆ ఇంటి మనిషివే కదా. పోవాలనిపించింటాది."

మర్నాడు పసుపు కడిగేయబోతే ఆడవాళ్లు అడ్డం పడ్డారు. ఆయన వాళ్లతో గొడవ పెట్టుకోలేదు. ఈ సామి ఏకాంతం కోరుకుంటాడు, దూరం నుంచే దండం పెట్టాల, దగ్గరికి పోతే శానా కోపమని చెప్పాడు. అప్పటి నుంచి బోట్లన్నీ యాభై గజాల దూరంలోనే ఇంజను ఆపి దండం పెట్టుకుని పోయేవి. "సముద్రంలో గుర్తు చెప్తే ఇంటారు, ఈడ సామి చెప్పాల" అని నవ్వేవాడు. కడపకు బదిలీ అయ్యేదాకా నేను ఆ దారినే పోయి వచ్చాను. నా కూతురు చల్లగా పుట్టింది. ఆ రుణం మాటలతో తీరేది కాదు.

అస్థికలు కలపడానికి బోటులో పోయాం. మా ఆయన కుండ ఒళ్లో పెట్టుకుని, ఇంటి మీదనే కలుపుదాం, దగ్గరికి పోనీ అన్నాడు. బోటతను ఇంజను ఆపేశాడు.

"పోనన్నా. పెద్దాయన మాట. దూరం నుంచే."

మా ఆయన నా వైపు చూశాడు. ఈసారి నేను నోరు మూసుకోలేదు. ఇక్కడే కలుపుదామన్నాను.

బూడిద నీళ్ల మీద కాసేపు అలాగే నిలిచింది. తర్వాత సన్నని గాలి లేచింది. తెల్లటి చార ఒకటి మెల్లగా నల్ల డబ్బా వైపు సాగి, దాన్ని దాటి, మేమెవరం పోకూడని చోటికి పోయింది. తన ఇల్లు కదా, ఆయనకు అడ్డేముంది.

బోటు ఊరి వైపు తిరిగింది. ఎర్ర డబ్బా ఎడమకు వచ్చింది.