సీటు మీద సంచి

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పొద్దుటి పాసింజరులో ఒక చట్టం ఉంది. రైలు ప్లాట్‌ఫారం మీదికి రాగానే కిటికీ ఊచల సందులోంచి చేతిరుమాలో పేపరో పడేస్తే, లేదంటే ముందు ఎక్కేవాళ్ళ చేత సంచి పెట్టిస్తే, ఆ సీటు మనది. తర్వాత తీరిగ్గా టీ తాగి ఎక్కవచ్చు, ఎవరూ కదపరు. పొలం గట్టు తగాదాకు పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగే మనుషులం, చేతిరుమాలుకు మాత్రం ఎదురు చెప్పం. రేపల్లె అవతల ఒక హైస్కూల్లో సోషల్ చెబుతూ ఆరేళ్ళుగా నేనూ ఈ చట్టం ప్రకారమే కూర్చుంటున్నాను.

ఆ వారం మొదట్లో ఎక్కడో దూరాన, ఒక పెద్ద నగరంలో, సాయంత్రం బజారు రద్దీలో ఒకడు జనం మీదికి వ్యాను తోలాడు. దిగి, దొరికినవాళ్ళను దొరికినట్టు కత్తితో పొడిచాడు. పోలీసులు వచ్చి అక్కడే కాల్చి చంపారు. ఇదంతా ఎవరో మేడ మీద నుంచి ఫోన్‌లో తీశారు. మర్నాడు మా పెట్టెలో ఎవరి ఫోన్ చూసినా అదే.

“అలా కాల్చిపారెయ్యాలండి! కోర్టులూ వాయిదాలూ ఏంటండి?” అన్నాడు బ్యాంకులో పనిచేసే ఆయన. భట్టిప్రోలు వైపు ఒక గుడిలో పూజ చేసే పంతులుగారు “ఎవరు తీసినా ప్రాణం ప్రాణమేనండి, పాపం పాపమే” అని నిట్టూర్చి, “ఏదీ, ఇంకోసారి వెయ్యండి” అన్నారు. నా సంగతి మరీ ఘోరం. వాడు పడిపోగానే “బాగైంది” అని పైకే అన్నాను. అన్నందుకు సిగ్గేసింది. మళ్ళీ చూశాను, మళ్ళీ బాగైందనే అనిపించింది. బాపట్లలో ఉండే మా తమ్ముడు అదే వీడియో పంపి పోలీసులకు సెల్యూట్ కొడితే నేనూ కొట్టాను. ఆ రోజే తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, “టీచర్, పట్టుకోవచ్చు కదా, ఎందుకు చంపేశారు?” అని అడిగింది. నేను చెబుతున్నది రాజ్యాంగం పాఠం. రేపు చెబుతానన్నాను.

వీడియో మొత్తం చూసి వేరే మాట అన్నది ఒక్కరే. “ఆ పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న మనిషి ఏమైందో పాపం” అన్నారాయన. మాకెవరికీ ఆ పూలమనిషి కనబడనే లేదు. ఆయన మా పెట్టెలో రోజూ వచ్చే సాయిబుగారు. తెనాలిలో ఇల్లు, కుట్టుమిషన్లు బాగుచేయడం పని. వేమూరులో గానీ రేపల్లెలో గానీ ఏ దర్జీ మిషను మొరాయించినా కబురు ఈయనకే వెళుతుంది. మా అమ్మ మిషను ఇన్నేళ్ళు నడిచిందంటే ఆయన చలవే. నేను బాబాయిగారూ అంటాను, ఆయన అమ్మా అంటారు.

మూడో రోజుకు మా ప్లాట్‌ఫారం మీదికీ బందోబస్తు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వేసిన కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. యజమాని లేని సంచులు కనిపిస్తే తాకవద్దనీ, వెంటనే పోలీసులకు చెప్పాలనీ మైకులో ఒకటే మోత. మేమంతా శ్రద్ధగా విని తలలూపాం. ఊపుతూనే రైలు రాగానే కిటికీల్లోంచి రుమాళ్ళు పడేశాం, ముందు ఎక్కేవాళ్ళ చేతికి సంచులిచ్చాం.

“అమ్మా, ఈ సంచి కాస్త కిటికీ పక్కన పెట్టమ్మా. మందు బిళ్ళ వేసుకోవాలి, నీళ్ళు పట్టుకొస్తా” అని బాబాయిగారు నాకూ తన సంచి ఇచ్చారు. నల్ల రెగ్జిన్ సంచి, మిషను నూనె వాసన, మంచి బరువు. రెండు చేతులా మోసుకెళ్ళి సీటు మీద పెట్టాను. నేను పక్క వరసలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దడం మొదలుపెట్టాను.

కొత్తగా ఎక్కిన ఒకాయన సీటు వెతుక్కుంటూ వచ్చి, “ఈ సంచి ఎవరిదండి?” అన్నాడు. మామూలు రోజైతే “మనిషి వస్తాడండి” అని నాలుగు గొంతులు లేచేవి. ఆ రోజు ఒక్కటీ లేవలేదు. చెబుదామని నేను తలెత్తేసరికి ఆయన వంగి, “జిప్పు సందులోంచి వైర్లు కనబడుతున్నాయండీ!” అన్నాడు. బ్యాంకాయన లేచాడు, పంతులుగారు లేచారు. వెనక నుంచి ఎవరో బాంబన్నారు. అంతే, తలుపుల దగ్గర తొక్కిసలాట. ఆ సంచి ఎవరిదో తెలిసినదాన్ని, నా చేతులతో తెచ్చి పెట్టినదాన్ని, అందరికంటే ముందు దిగింది నేనే.

నీళ్ళ సీసాతో బాబాయిగారు ఎదురొచ్చారు. “ఏంటమ్మా, ఏమైంది?”

“సంచి...” అన్నాను. వెనక నుంచి బాంబు, బాంబు అని అరుపులు.

“ఓరి దేవుడా! దూరంగా రా అమ్మా, దూరంగా!” అని ఒక చేత్తో నా మోచెయ్యి, ఇంకో చేత్తో పంతులుగారి భుజం పట్టుకుని మమ్మల్నిద్దర్నీ మెట్ల వంతెన దాకా పరిగెత్తించారు. తన సంచి నుంచి తనే మమ్మల్ని కాపాడుతున్నారు. ఆ గాభరాలో అది తనదేనని ఆయనకు తట్టనే లేదు. బాబాయిగారూ, అది మీదేనండి అనాలి నేను. ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

పాతికేళ్ళు దాటని కానిస్టేబుల్ ఒక్కడే పెట్టెలోకి వెళ్ళాడు. కిటికీలోంచి కనబడుతున్నాడు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని జిప్పు పట్టుకున్నాడు. నేను చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేదాన్నే, కానీ అంత నిజంగా ఎన్నడూ ప్రార్థన చేసి ఉండను. కాసేపటికి అతను సంచి పట్టుకుని దిగి, అందులోవన్నీ ప్లాట్‌ఫారం మీద పరిచాడు. మిషను మోటారు, వైర్లు, రబ్బరు బెల్టులు, నూనె సీసా. “ఎవరిదిది?” అని అరిచాడు.

బాబాయిగారు తొంగి చూసి నుదురు కొట్టుకున్నారు. “అరె, నాదేనయ్యా!” అని పగలబడి నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

“నీదైతే ఎందుకు పరిగెత్తావ్?”

“అందరూ పరిగెత్తారు సార్, నేనూ పరిగెత్తా.”

చెంప మీద ఒక్క దెబ్బ పడింది. జనం చప్పట్లు కొట్టారు. సంచి తెరిచినందుకు కొట్టారో, పెద్దాయన చెంప పగిలినందుకు కొట్టారో, అడిగితే వాళ్ళూ చెప్పలేరు. మా అందరి కోసం చావుకు తెగించి జిప్పు లాగిన చెయ్యీ అదే, కొట్టిన చెయ్యీ అదే. ఆ కుర్రాడికి దండం పెట్టాలో, వెళ్ళి కాలర్ పట్టుకోవాలో తేలక నిలబడిపోయాను.

“సీటు మీద ఎవరు పెట్టారు?” అన్నాడు కానిస్టేబుల్.

బాబాయిగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

“నేనే పెట్టుకున్నా సార్” అన్నారాయన. పోలీసులు ఆయన్ను రెక్క పట్టుకుని తీసుకుపోయారు.

రైలు కూత వేసింది. తొమ్మిదింటిలోగా ఫోన్‌కు ముఖం చూపిస్తే గానీ బళ్ళో మాకు హాజరు పడదు. అంత ఘనకార్యం చేసిన ముఖాన్ని మోసుకుని రైలెక్కాను. “మన జాగ్రత్తలో మనం ఉండాలి కదండీ” అన్నాడు బ్యాంకాయన, ఎవరూ ఏమీ అడగకుండానే. వేమూరు దాటాక పంతులుగారు, “ఆయన నన్ను లాక్కెళ్ళి కాపాడాడండి. దేన్నుంచి కాపాడినట్టు?” అన్నారు. జవాబు నా దగ్గరే ఉంది, నేను ఇవ్వలేదు. మధ్యాహ్నానికి ఆ చెంపదెబ్బ వీడియో బాపట్ల చుట్టి నా ఫోన్‌కే వచ్చింది. ‘మీ స్టేషనేనంటగా అక్కా, జాగ్రత్త’ అని తమ్ముడు రాశాడు. ‘ఆయన మనకు తెలిసినాయన రా’ అని టైపు చేశాను. తెలిస్తే చెప్పలేదేం అంటాడేమోనని చెరిపేశాను.

సాయంత్రం రైలు దిగగానే పోలీసులు కూర్చునే గదికి వెళ్ళాను. అదే కానిస్టేబుల్ ఉన్నాడు.

“మధ్యాహ్నమే పంపించేశామండి. దర్జీలు ఇద్దరొచ్చి ఆయన మంచోడని చెప్పారు. మీరేమవుతారండి ఆయనకి?”

“సీటు మీద సంచి పెట్టింది నేనండి” అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. “పొద్దున ఒక్క మాట చెప్తే అయిపోయేది కదండి మేడమ్” అన్నాడు. “జిప్పు లాగేటప్పుడు మా పాప గుర్తొచ్చిందండి నాకు.”

ఒకరికి చెప్పుకోవాల్సిన క్షమాపణ ఇద్దరికైంది. అతనికి సగం చెప్పానో లేదో, ఏడుపొచ్చి బయటపడ్డాను. అక్కణ్ణుంచి నేరుగా బాబాయిగారి ఇంటికి వెళ్ళాను. పోలీసులు విప్పి చూసిన మోటారును ఆయన ముందు గదిలో కూర్చుని బిగిస్తున్నారు. వాళ్ళావిడ కుర్చీ వేసి, టీ ఇచ్చి, వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

“నేను చెప్పాల్సిందండి బాబాయిగారూ. నా తప్పే.”

“పోనీలేమ్మా. చెప్తే నిన్నూ ఆ గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. ఆడకూతురివి, పిల్లలకు చదువు చెప్పేదానివి. ఆ అబ్బాయీ మంచోడే, తర్వాత టీ ఇప్పించాడు” అన్నారు. అని, స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

“ఒక్కటి అడుగుతానమ్మా. మిగతా వాళ్ళు అనుకున్నారంటే అనుకున్నారు. నువ్వు నన్ను ఆరేళ్ళుగా చూస్తున్నావు. మీ ఇంటికొచ్చి మీ అమ్మ చేతి అన్నం తిన్నా. నా సంచిలో బాంబుందని నువ్వు కూడా అనుకున్నావా?”

లేదండి అనాలి. అనుకోలేదనే నా నమ్మకం. కానీ అనుకోకపోతే అందరికంటే ముందు ఎందుకు దిగానో నాకే అర్థం కాలేదు. నోరు తెరిచాక మాట రావడానికి ఒక్క క్షణం పట్టింది.

“లేదండి బాబాయిగారూ” అన్నాను.

ఆయన అప్పటికే తల వంచి మోటారు చేతిలోకి తీసుకున్నారు. “టీ చల్లారిపోతోందమ్మా, తాగు” అన్నారు.